మామ్మ సమాధికి దారి ఇప్పించండి

మా జిల్లా రెవెన్యూ, పంచాయతీరాజ్ అధికారులకు,
మా ఊరి పంచాయతీ పెద్దలకు,
సంఘాల పాస్టర్లకు, చర్చి కమిటీల వారికి,

అందరికీ వందనాలు.

విషయం: కృష్ణా డెల్టాలోని మా ఊళ్ళో సమాధుల దొడ్డికి పోయే దారి తిరిగి ఇప్పించడం, ఆ స్థలాన్ని మెరక చేయించడం గురించి.

ఈ ఆగస్టులో ఒక మంగళవారం రాత్రి మా మామ్మ ప్రభువునందు నిద్రించింది. బుధవారం మధ్యాహ్నం ఆమెను నీళ్ళలో పెట్టి వచ్చాం. మట్టిలో పెట్టామని రాయాలనే ఉంది. కానీ ఆ రోజు అక్కడున్న నలభై మందీ ఇది చదువుతారు, నన్ను అబద్ధాలకోరు అంటారు.

మూడు అర్జీలు ఇచ్చాం. మూడింటికీ రసీదులున్నాయి. మూడోదానికి ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని మా బాబాయి ఫోనుకు మెసేజ్ కూడా వచ్చింది. ఆ రోజు బాబాయి నిజంగానే ఏమైనా చేశారేమోనని సైకిలేసుకుని వెళ్ళి చూసొచ్చాడు. ఏమీ చేయలేదు. అందుకే ఇప్పుడు పదిమందీ చదివేలా రాస్తున్నాను. ఊరి పేరు, సర్వే నంబరు, మనుషుల పేర్లు ఆ అర్జీల్లో ఉన్నాయి, అవి మీ దగ్గరే ఉన్నాయి. ఒక గుమాస్తానో ఒక రైతునో రచ్చకీడ్చడం నాకు ఇష్టం లేదు కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

ముందు ఆమె ఎవరో చెప్పాలి. అర్జీలో ‘మృతురాలు’ అని రాస్తే మీకు సరిపోతుంది. మాకు సరిపోదు.

ఆమె మా నాన్న తల్లి. ఊరందరికీ ప్రార్థన మామ్మ. పుట్టిన తేదీ ఆమెకు తెలియదు, ఆధార్ కార్డులో ఎవరో జనవరి 1 అని వేసేశారు. ఉప్పెన నాటికి తనకు ముగ్గురు పిల్లలనీ, మా అత్త చంకలో ఉందనీ చెప్పేది. దాన్నిబట్టి ఎనభైకి అటూఇటూ అని మేం వేసుకున్న లెక్క.

ఉప్పెన అంటే 1977 నవంబరు 19. దివిసీమ మీదికి సముద్రం వచ్చిపడిన రోజు. అధికారిక లెక్కల్లోనే పదివేల దాకా ప్రాణాలు పోయాయి. మా ఊరు సముద్రానికి కాస్త ఎడంగా ఉంటుంది. ఇళ్ళ కప్పులు లేచిపోయాయి గాని మనుషులు దక్కారు. నాలుగో రోజున మా పేట మగవాళ్ళు పదిమంది శవాలు ఎత్తడానికి అటు వెళ్ళారు, వాళ్ళలో మా తాతయ్య ఒకడు. వారం తరవాత తిరిగొచ్చి నెలరోజులపాటు చేప ముట్టలేదట. ఒకే గుంటలో ఎంతెంతమందిని వేశారో, పేరు చెప్పేందుకు ఎవరూ మిగలని ఇళ్ళు ఎన్నో ఆయన ఒక్కసారే చెప్పాడట, మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. మామ్మకు ఆ ఒక్కసారీ చాలింది. “పేరు లేకుండా, పాట లేకుండా పోవడమంత దిక్కుమాలిన చావు ఇంకోటి లేదే. నేనున్న చోట ఎవర్నీ అలా పోనివ్వకూడదు అనుకున్నా” అనేది.

అనుకున్నట్టే చేసింది. ఎవరింట్లో చావు కబురు తెలిసినా ముందు ఆమె వెళ్ళేది. స్నానం చేయించడం, తల దువ్వడం, దవడకు గుడ్డ కట్టడం, ఆ తరవాత తెల్లవార్లూ పక్కన కూర్చుని కీర్తనలు పాడటం. నలభై యాభై పాటలు నోటికొచ్చు. గొంతు బాగుండేదని నేను చెప్పను. శ్రుతి ఆమె చుట్టుపక్కలకు కూడా రాదు. కానీ రాత్రి రెండు గంటలప్పుడు, అందరూ గోడలకు జారగిలబడి కునికిపాట్లు పడుతుంటే, ఆ ఒక్క గొంతు మాత్రం ఆగేది కాదు.

తాతయ్య 1984లో పచ్చకామెర్లతో పోయాడు. ఆ తరవాత ఊడ్పులు, కలుపులు, కోతలు, కోతలయ్యాక మినుము తీతలు. ఆ కూలి డబ్బులతోనే మా నాన్న టీచరయ్యాడు, అత్త నర్సయింది. బాబాయి ఊళ్ళోనే కరెంటు పని చేస్తాడు. నేనూ అత్త దారిలోనే నర్సునయ్యాను, హైదరాబాద్‌లో ఉంటాను.

మా గుళ్ళల్లో పిడికెడు బియ్యం అని ఒక పద్ధతి ఉంది. ఎసరు పెట్టాక, కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా గుడికి తీసుకెళ్తారు. మామ్మది పాత డాల్డా డబ్బా. మూత ఎప్పుడో పోయింది, పైన ప్లాస్టిక్ కవరు కప్పి రబ్బరు బ్యాండు వేసేది. ఇంట్లో అన్నానికే చాలని రోజుల్లో కూడా తీసేదానివా అని ఒకసారి అడిగాను. “తీయకుండా ఎట్టా? ఆ రోజు మీ అత్త చేత్తో తీయించేదాన్ని. దాని పిడికిలి చిన్నది కదా” అంది.

ఆమెది మెత్తని భక్తి కూడా కాదు. బాబాయి తాగొచ్చిన రాత్రి తలుపు తీసేది కాదు. ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, లోపల కిటికీ పక్కన మోకరించి, వీధి మొత్తానికీ వినపడేలా ఆయన పేరు పెట్టి ప్రార్థన చేసేది. బాబాయి తాగుడు మానింది దేవుడి వల్లో సిగ్గు వల్లో మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. (ఇది ఆయన్ని అడిగే రాస్తున్నాను.)

నలభై దాటాక అక్షరాలు నేర్చుకుంది. మచిలీపట్నంలో 1841లో నోబుల్, ఫాక్స్ అనే మిషనరీ దొరలు దిగిన సంగతి పుస్తకాల్లో ఉంది. 1912లో అజరయ్య గారు దోర్నకల్ బిషప్ అయిన సంగతీ ఉంది. మా పేటకు సువార్త తెచ్చింది మాత్రం కాలినడకన ఊరూరా తిరిగిన ఒక బైబిలు స్త్రీ. ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు, మామ్మ తల్లికి కూడా గుర్తు లేదట. అది మామ్మకు పెద్ద వెలితి. “మనకు దేవుణ్ణి చూపించినామె పేరు మనకే తెలీదు, చూశావా” అనేది. ఆ ఉక్రోషంతోనే కాబోలు, సండే స్కూలు పిల్లల వెనక చాప మీద కూర్చుని ఓనమాలు దిద్దింది. రాయడం వచ్చాక మొదట చేసిన పని, రెండొందల పేజీల లాంగ్ నోటు బుక్కు కొనుక్కుని, తాను సాగనంపినవాళ్ళ పేర్లన్నీ రాయడం.

ఆ పుస్తకం ఇప్పుడు నా ముందుంది. అట్ట మీద ‘సాగనపినవాళు’ అని ఉంటుంది. వత్తులు, సున్నలు ఆమెకు ఎప్పుడూ అచ్చిరాలేదు. మొదటి పేరు తాతయ్యది. మొత్తం 214. కొన్నిచోట్ల పేరు ఉండదు, ‘ఫలానా వాళ్ళ పాప, మూడు రోజులు’ అని ఉంటుంది. మా పేట వాళ్ళే కాదు, ఊళ్ళో వాళ్ళూ ఉన్నారు, మసీదు వీధి వాళ్ళు ఇద్దరున్నారు. నా మొదటి నైట్ డ్యూటీలో వార్డులో ఒక పెద్దాయన చనిపోతే, భయమేసి తెల్లవారుజామున మామ్మకు ఫోన్ చేశాను. ఆమె అడిగిన మొదటి మాట, “పేరేంటి?” ఆయన పేరూ అందులో ఉంది. హైదరాబాద్ అని పక్కన బ్రాకెట్టు.

ఈ పుస్తకం గురించి ఇంత ఎందుకు చెబుతున్నానంటే, రెండో అర్జీ విచారణకు వచ్చిన ఉద్యోగి ఒకాయన దొడ్డి చూసి, “ఇక్కడ ఇప్పుడు ఎవరూ పెద్దగా పూడ్చడం లేదు కదండీ” అన్నారు. సమాధులు కనపడలేదు ఆయనకు. మావాళ్ళలో చాలామందికి సిమెంటు సమాధి కట్టే స్తోమత లేదు. కర్ర సిలువ పాతుతారు, రెండు వానలకు అది పుచ్చిపోతుంది. కానీ ఆ నేలలో ఉన్నవాళ్ళు మామ్మ పుస్తకంలోంచే 163 మంది. నేను ఒక్కో పేరూ బాబాయితో సరిచూసుకుని లెక్కపెట్టాను. మీ రికార్డులో అది శ్మశాన పోరంబోకు అని ఒక్క ముక్క. మా రికార్డు ఇది. కావాలంటే జిరాక్స్ తెచ్చిస్తాను.

ఇక దారి సంగతి.

మా గుడి నుంచి దొడ్డికి ముప్పావు కిలోమీటరు. ఒకప్పుడు అది బండి దారి. ఒక పక్క మురుగు కాలువ, ఇంకో పక్క వరి. పదిహేనేళ్ళ కిందట వరి పోయి చెరువులొచ్చాయి. మొదట చేపలు, తరవాత రొయ్యలు. చెరువుకు గట్టు కావాలి, గట్టుకు మట్టి కావాలి, ఆ మట్టి దారిలోంచి తీశారు. గట్టు జారినప్పుడల్లా కాస్త ఇవతలికి జరిపి మళ్ళీ పోశారు. ఎవరూ ఒక్క రోజులో ఆక్రమించలేదు కాబట్టి ఎవరూ ఒక్క రోజున గొడవ పడలేదు. ఇప్పుడు గట్టుకూ కాలువకూ మధ్య మిగిలింది అడుగున్నర.

నీటి సంగతి కూడా అంతే. వరి ఉన్నప్పుడు పంటకాలంలోనే నీళ్ళు కట్టేవాళ్ళు. వేసవిలో కాలువలు కట్టేస్తే నేల నెర్రెలిచ్చేదాకా ఆరేది. చెరువులో ఏడాది పొడుగునా మనిషిలోతు నీళ్ళు నిలబడి ఉంటాయి. ఆ ఊట ఎటో ఒకవైపు పోవాలి కదా. చుట్టూ గట్లు లేచాక మా దొడ్డి పళ్ళెంలా పల్లమైపోయింది. ఊట అక్కడికే, వాన అక్కడికే.

ఆ చెరువు గలవాళ్ళ మీద నాకు కోపం లేదని చెబితే సగమే నిజం. వాళ్ళింటి ముసలమ్మగారు మంచాన పడ్డప్పుడు ఆఖరి ఆరు నెలలూ ఆమెకు ఒళ్ళు తుడిచి గంజి తాగించింది మామ్మే. అంతకుముందు ముప్పై ఏళ్ళు ఆ ఇంటి పొలంలో కూలికి వెళ్ళినా, మామ్మ వరండా దాటి లోపలికి అడుగుపెట్టింది ఆ ఆరు నెలలే. ఆ ముసలమ్మగారి పేరూ పుస్తకంలో ఉంది. వాళ్ళబ్బాయి మామ్మ చావుకు వచ్చాడు, ఏడ్చాడు. నీళ్ళు తోడటానికి తన ఇంజనూ ఇచ్చాడు. అది ఆయన మంచితనం. దారి విషయం మంచితనంతో తేలేది కాదు, సర్వేయరు వచ్చి కొలిస్తే తేలేది.

2021లో మొదటి అర్జీ మీద మొదటి సంతకం మామ్మది. వేలిముద్ర వేయమంటే కోపమొచ్చి, పెన్ను లాక్కుని మరీ రాసింది. “నాకోసం కాదులే. నన్ను మోసే కుర్రాళ్ళు జారిపడితే పాపం, వాళ్ళ కాళ్ళు విరుగుతాయి” అని నవ్వింది.

బుధవారం తెల్లవారుజామున అయిదింటికి నలుగురు కుర్రాళ్ళు గుంట తవ్వడం మొదలుపెట్టారు. మూడున్నర అడుగులకు నీళ్ళు పడ్డాయి. బకెట్లతో తోడారు, ఆగలేదు. ఇంజను పెట్టారు. మధ్యాహ్నం మేం పెట్టెతో వెళ్ళేసరికి ఇంజను ఆపక తప్పలేదు. ఆ మోతలో పాస్టరు అయ్యగారి ప్రార్థన వినపడదు. ఆపిన అయిదు నిమిషాల్లో గుంటలో నడుము లోతు. పెట్టె దించితే దిగలేదు, తేలింది. ఒక పక్కకు ఒరిగింది కూడా. మా బాబాయి గుంటలోకి దిగి రెండు చేతులతో పెట్టెను నొక్కి పట్టుకున్నాడు. పైనుంచి ఇసుక బస్తాలు అందించారు. మన్నైన దేహాన్ని మన్నుకు అప్పగించే మాట దగ్గరకొచ్చి అయ్యగారు ఆగిపోయారు. ఎదురుగా మన్ను లేదు. మేం తలా ఒక పిడికెడు తీసి వేశాం, బురద. అది పెట్టె మీద పడిన చప్పుడు రాలేదు, నీళ్ళలో పడిన చప్పుడొచ్చింది.

నేను రోజూ చావులు చూసే ఉద్యోగంలో ఉన్నాను. ఆ చప్పుడు మాత్రం నాకు ఇంకా నిద్రపట్టనివ్వడం లేదు.

ఇకపై పాయింట్ల కింద రాస్తాను. ఆఫీసుల్లో అలా ఉంటేనే చదువుతారని మా నాన్న అన్నారు.

1. పెట్టెను ఆరుగురు మోయాలి. అడుగున్నర గట్టు మీద ఆరుగురు నడవలేరు. మా ఊళ్ళో ఇప్పుడు ముందొకరు, వెనకొకరు, ఇద్దరే నెత్తిన పెట్టుకుని మోస్తున్నారు. మామ్మ తేలిక మనిషి కాబట్టి సరిపోయింది. అయినా వెనక మోసిన అబ్బాయి కాలువలోకి జారాడు, మోకాలు చీరుకుపోయింది. మామ్మ నవ్వుతూ అన్నమాటే నిజమైంది. ముసలివాళ్ళు, గర్భిణులు, కాళ్ళ నొప్పులున్నవాళ్ళు గట్టు మొదట్లోనే ఆగిపోతున్నారు. మా అత్తకు మోకాలి ఆపరేషన్ అయింది. కన్నతల్లిని ఎక్కడ పెట్టారో ఆమె ఇంతవరకూ చూడలేదు. నేను ఫోనులో ఫొటో చూపించాను.

2. మూడున్నర అడుగుల్లో పూడ్చడం పూడ్చడం కాదు. వేసవిలో నీరు తీసేశాక కుక్కలు తవ్విన గుంటలు మేం చూశాం. ఇంతకన్నా వివరంగా రాయను. ఆ నీళ్ళు వెళ్ళేది పక్క కాలువలోకే. కింది పేటలో గేదెల్ని కడిగేది ఆ కాలువలోనే.

3. కూలి చేసుకునే ఇంటికి చావు ఎంత ఖర్చో మీకు తెలుసు. మా ఊళ్ళో వానాకాలం చావుకు దాని మీద ఇంకో ఖర్చు: ఇంజనుకు డీజిలు, ఇసుక బస్తాలు, వాన ఆగేదాకా ఐసు పెట్టె అద్దె. పోయినేడు ఒక కుటుంబం మూడు రోజులు ఎదురుచూసింది. ఆ మూడు రోజులూ వాళ్ళకు పనిలేదు, ఇంట్లో పొయ్యి వెలగలేదు. చివరికి వడ్డీకి అప్పు తెచ్చి, టౌనులో తెలిసినవాళ్ళను బతిమాలి అక్కడి సమాధుల తోటలో పెట్టి వచ్చారు. ఆ ఇంటావిడ భర్త సమాధి చూడాలంటే బస్సెక్కాలి.

4. ‘కాల్చుకోవచ్చు కదా’ అని ఒక ఆఫీసులో సలహా ఇచ్చారు. ఇష్టపడి దహనం చేసుకునే క్రైస్తవులు ఉన్నారు, వాళ్ళతో మాకు పేచీ లేదు. కానీ సమాధి అంటే మామ్మకు పడక. పునరుత్థానపు ఉదయాన లేవడానికి పడుకునే చోటు. నమ్మినా నమ్మకపోయినా, ఆ ఆశతో ఎనభై ఏళ్ళు బతికిన మనిషికి చచ్చాక వేరే పద్ధతి నేర్పడం ఎవరి పని? పైగా అదే దారిలో ఇంకాస్త ముందుకు పోతే ఊళ్ళో హిందువులు దహనం చేసుకునే చోటు ఉంది. వాళ్ళూ ఈ గట్టు మీదే కట్టెలు మోసుకుపోవాలి. పోయిన వానల్లో ఒక కుటుంబం పోలేక రోడ్డు పక్కనే కానిచ్చింది. ఇది మతం గొడవగా చూపించాలని ఎవరైనా అనుకుంటే, దయచేసి ముందు ఆ గట్టు మీద ఒకసారి నడవండి.

5. ‘మీరు ఎస్సీలా, క్రైస్తవులా? ఏ కోటాలో అడుగుతున్నారు?’ అన్న ప్రశ్న మూడు ఆఫీసుల్లోనూ ఎదురైంది. ఎస్సీలు ఎవరో తేల్చే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సంగతి మాకూ తెలుసు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అందులో చోటిచ్చి క్రైస్తవులకు ఇవ్వలేదనీ తెలుసు. కాగితం మీద మావాళ్ళు బీసీ-సీ, అంటే ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళకు వెనకబడిన తరగతుల్లో పెట్టిన విభాగం. ఆ చర్చ ఢిల్లీలో డెబ్బై అయిదేళ్ళుగా నడుస్తోంది, నడవనివ్వండి. శవం అంతకాలం ఆగదు.

చట్టం మాకు తెలియదనుకోకండి. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితా 10వ అంశమే శ్మశానాలు. 1994 పంచాయతీరాజ్ చట్టంలో శ్మశానాల ఏర్పాటు, నిర్వహణ పంచాయతీ పనుల్లో ఉంది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్‌తో పోయిన ఒక డాక్టరు గారి అంత్యక్రియల్ని చెన్నైలో గుంపు అడ్డుకుంటే, మద్రాసు హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుని, మర్యాదగా ఖననం పొందడం కూడా జీవించే హక్కునిచ్చే 21వ అధికరణంలో భాగమేనని చెప్పింది. మేం ఆసుపత్రిలో పీపీఈ కిట్లలో ఉన్నప్పుడు ఆ వార్త విని ఎంత ఏడ్చామో నాకు గుర్తుంది. 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్ బస్తర్ ప్రాంతంలో ఒక పాస్టరు గారి శవం ఇరవై రోజులు మార్చురీలో ఉండిపోయింది, సొంత ఊళ్ళో పూడ్చనివ్వక. సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులకు ఏకాభిప్రాయం కుదరలేదు. చివరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్రైస్తవ శ్మశానంలో పెట్టమన్నారు. అదే ఉత్తర్వులో, రాష్ట్రమంతటా క్రైస్తవులకు శ్మశాన స్థలాలు రెండు నెలల్లో గుర్తించమని ఆ ప్రభుత్వాన్ని ఆదేశించారు. మా సంగతి అంత పెద్దది కాదు. మాకు స్థలం ఉంది, అడ్డుకునేవాళ్ళు లేరు. దారి లేదు, మెరక లేదు, అంతే. ఇంత చిన్న పనికి కోర్టుదాకా వెళ్ళాలా?

మేం అడిగేవి ఇవి.

6. సర్వేయరును పంపి, ఎఫ్‌ఎంబీ (రెవెన్యూ వారి పొలం కొలతల పుస్తకం) ప్రకారం దారినీ దొడ్డినీ కొలిపించి, హద్దు రాళ్ళు పాతించండి. చెరువు గలవాళ్ళు, పంచాయతీ, మా సంఘం, దహనవాటిక వాడుకునేవాళ్ళు, అందరి ఎదుటా కొలవండి. కొలతలో మా లెక్క తప్పని తేలితే ఒప్పుకుంటాం.

7. దొడ్డిని కనీసం మూడడుగులు మెరక చేయించండి. ఊట బయటికి పోయేలా ఒక తూము పెట్టించండి. తెలంగాణలో ఊరూరా వైకుంఠధామాలు ఉపాధి హామీ నిధులతోనే కట్టారు. మాకు అంత హంగు అక్కర్లేదు. మట్టి చాలు. కూలికి మేమే వస్తాం.

8. ఇకమీదట శ్మశానం పక్కన చెరువు తవ్వకానికి అనుమతి అడిగితే, దారి ఉందా, ఊట ఎటు పోతుంది అని చూసి సంతకం పెట్టండి.

9. అర్జీ ఇచ్చినవాళ్ళ సంతకం లేకుండా ‘పరిష్కరించబడినది’ అని మూసేయకండి. పని కాలేదంటే కాలేదని చెప్పండి. ఆ మెసేజ్ చూసి మామ్మ ఒక పూటంతా సంతోషంగా ఉంది. దారి బాగుపడిందనుకుంది. బాబాయి తిరిగొచ్చాక ఆమెకు ఏం చెప్పాలో తెలియక, పని మొదలుపెడతారట అని అబద్ధమాడాడు. మూడో అర్జీ గురించి మామ్మకు చివరిదాకా తెలిసింది అదే.

పాస్టర్లకూ కమిటీల వాళ్ళకూ విడిగా రెండు ముక్కలు. మా గుడికి టైల్స్ వేశాం, ఏసీలు పెట్టాం, కొత్త సౌండ్ సిస్టమ్ కొన్నాం. దొడ్డికి ఒక్క ట్రాక్టరు మట్టి తోలలేదు. నేను మిమ్మల్ని మాత్రమే అనడం లేదు. ఏసీకి చందా అడిగితే హైదరాబాద్ నుంచి అయిదు వేలు పంపింది నేనే. పంపేటప్పుడు దొడ్డి గురించి ఒక్క మాట అడగలేదు. మామ్మ ప్రతి వార్షిక కూటంలో లేచి అడిగేది. “చూద్దాం మామ్మా” అని నవ్వేవాళ్ళం. ఆమె జ్ఞాపకార్థ కూడికకు నిలువెత్తు ఫ్లెక్సీలు వేశారు, ‘ప్రార్థనా యోధురాలు’ అని. ప్రేమతోనే వేశారు, కాదనను. ఆ డబ్బుతో నాలుగు ట్రాక్టర్ల మట్టి వచ్చేది. ఈ క్రిస్మస్‌కు స్టార్లూ స్టేజీ తగ్గించి ఆ డబ్బు దొడ్డికి మళ్ళించండి. ప్రభుత్వం చేసేది ప్రభుత్వం చేస్తుంది, మన వంతు మనం చేద్దాం. అన్ని సంఘాల వాళ్ళమూ పూడ్చేది ఆ ఒక్క నేలలోనే కాబట్టి, ఈ ఒక్క విషయంలో బాప్తిస్మం ఎలా ఇవ్వాలన్న తగాదా పక్కన పెట్టి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టండి.

నవంబరు 2 సమాధుల పండుగ. ఈసారి ఆదివారమే వచ్చింది. ఏటా ఆ రోజు మామ్మ తెల్ల చీర కట్టుకుని, సున్నం బకెట్టూ కుంచే పట్టుకుని అందరికన్నా ముందు వెళ్ళేది. దిక్కులేని సమాధులకు ముందు సున్నం వేసి, తాతయ్యది ఆఖర్న వేసేది. ఆమె పుస్తకంలో 215వ పేరు నేను రాయాలి. ఇంకా రాయలేదు.

ఆ రోజు ఉదయం ఆరింటికి మా గుడి దగ్గర బయల్దేరుతున్నాం. మా అత్తను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకెళ్తాం, గట్టు ఎంతవరకు పోనిస్తే అంతవరకు. పుస్తకం, మూడు రసీదులు, పాత పటం నకలు మా నాన్న సంచీలో ఉంటాయి. ఆదివారం సెలవని మాకు తెలుసు. సోమవారం వస్తామన్నా సరే, శనివారం వచ్చి కొలుస్తామన్నా సరే. కొలత గొలుసు పట్టుకోవడానికి రెండో మనిషి కావాలంటే బాబాయి ఉంటాడు.

ఇట్లు,
ప్రార్థన మామ్మ మనవరాలు
(మా పేట వాళ్ళు 86 మంది సంతకాలు మూడో అర్జీతో జతచేసి ఉన్నాయి)